గడ్డం ఆంటీ ఊపిరి

నన్ను మా పేటలో అందరూ గడ్డం ఆంటీ అంటారు. కొత్తగా విన్నవాళ్ళు నా మొహం వంక ఓసారి అనుమానంగా చూస్తారు. చూడనివ్వండి. నాకు గడ్డమూ లేదు, మీసమూ లేదు. గుర్తింపు కార్డులకి ఫోటోలు తీసే కొట్టు ఉంది, అంతే. మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, లైటు సరిచేసి, "గడ్డం కాస్త ఎత్తు" అంటాను. రెండు జడలు వేసుకునే వయసులో మా నాన్న పక్కన నిలబడి మొదలుపెట్టిన మాట అది. మధ్యలో పెళ్ళి చేసుకునే తీరిక కూడా దొరకలేదు. ఈ ఊళ్ళో నేను గడ్డం ఎత్తించని పెద్దమనిషి లేడు. జడ్జిగారి చేత ఎత్తించాను, ఆయన జైలుకి పంపినవాడి చేతా ఎత్తించాను. ఇద్దరూ కూర్చున్నది ఒకే స్టూలు.

నేను తీసిన ఫోటోని ఇంతవరకూ ఏ ఆఫీసూ తిప్పి పంపలేదు. నీడ పడకూడదు, నవ్వకూడదు, తల వాలకూడదు, చెవులు రెండూ కనపడాలి, నోరు మూసుకుని ఉండాలి. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి. ఉన్న గొప్ప చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

ఇంకో అలవాటు కూడా ఉంది నాకు. మీట నొక్కే ముందు ప్రతిసారీ లెన్సు మీద "హా" అని ఊది, మెత్తటి పాత నూలుగుడ్డతో తుడుస్తాను. మా నాన్న అలాగే చేసేవాడు. ఊపిరి తగిలితే దుమ్ము మెత్తబడి, అద్దం మీద గీత పడకుండా వస్తుంది. నేను "హా" అనగానే పిల్లలు పకపకా నవ్వుతారు. నవ్వు అయిపోయేదాకా ఆగి అప్పుడు నొక్కుతాను, కార్డు ఫోటోకి నవ్వు పనికిరాదు కదా.

అలాంటి నా కొట్టుకి రోజులు దగ్గరపడ్డాయి. ఆఫీసుల్లోనే ఓ పెట్టె పెట్టారు. దాని ముందు నిలబడితే అదే ఫోటో తీసేస్తుంది. ఊదదు, తుడవదు, గడ్డం ఎత్తమని చెప్పదు. అందులోంచి వచ్చే మొహాలు చూశారా? జ్వరం పడి లేచినట్టుంటాయి. అయినా జనం దాని ముందే వరస కడుతున్నారు. మా పక్క కొట్లో ఫోన్ల కవర్లు అమ్మే అతను వారానికోసారి వచ్చి, "ఆంటీ, మధ్య గోడ తీసేసి రెండూ కలిపేసుకుంటాను, మీరు హాయిగా ఇంట్లో కూర్చోండి" అంటున్నాడు. మర్యాదగానే అంటాడు పాపం. నాకే ఆ హాయి మాట వింటే ఒళ్ళు మండుతుంది.

అయినా అతనికి సరే అందామనే అనుకున్నాను. కారణం మా పిట్ట.

పిట్ట మా తమ్ముడి కూతురు. వరసకి మేనకోడలు, నోటికి నాకే అత్తగారు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని పిట్ట అన్నాను. ఇప్పుడు నా తల దాని భుజం దగ్గరకొస్తుంది, అయినా పిట్టే. చదువు అవగానే ఎక్కడెక్కడో ఉద్యోగాలు వస్తే అన్నీ కాదని నా కొట్లో వచ్చి కూర్చుంది. దానికి కన్నుంది. నేను నేర్పింది కాదది, పుట్టుకతోనే ఉంది. ఆ కన్ను నా పాత స్టూలు ముందు, రాని జనం కోసం ఎదురుచూస్తూ పాడైపోతుందేమోనని నాకు భయం. కొట్టు మూసేస్తే రెక్కలొచ్చి ఎగురుతుందని నా ఆశ. ఆ మాట దానితో అంటే, "నన్ను వెళ్ళగొట్టడానికి గోడ కూలగొట్టక్కర్లేదత్తా, తలుపు చూపిస్తే చాలు" అని మూతి ముడుచుకుంటుంది.

ఇలా ఉండగా ఓ మధ్యాహ్నం పెద్ద నర్సు కొట్టుకి వచ్చింది. కొండ కింద ఉన్న ఆస్పత్రిలో ఊపిరితిత్తుల వార్డు ఆవిడ చేతి కింద నడుస్తుంది. డాక్టర్లు కూడా ఆవిడ ముందు గొంతు తగ్గించి మాట్లాడతారట. కార్డు ఫోటో కోసం స్టూలు మీద కూర్చుని, నేను చెప్పకుండానే గడ్డం ఎత్తింది. అప్పుడే నాకు నచ్చింది.

"మా వార్డు బయట పొడుగాటి వరండా ఉందండీ," అంది. "జబ్బు కాస్త తగ్గినవాళ్ళని అందులో నడిపిస్తాం. ఊపిరి పీల్చడం, వదలడం మళ్ళీ మొదటినుంచీ నేర్పిస్తాం. వాళ్ళేమో చివరి కిటికీ దగ్గరకెళ్ళి కొండ మీద పార్కు వంక చూస్తూ ఆగిపోతారు. ఈ చలిలో వాళ్ళని పైకి పంపలేను కదా. అందుకే ఆ పార్కుని చలికాలంలో ఫోటో తీయించి, వరండా గోడంతా పట్టేటట్టు పెట్టిద్దామని. పెద్ద స్టూడియో వాళ్ళకి చెప్పాను. శుక్రవారం సాయంత్రం తెస్తామన్నారు."

నేను నోరు తెరిచేలోపలే పిట్ట, "మేమూ తెస్తామండీ" అనేసింది.

ఆవిడ వెళ్ళాక దాన్ని పట్టుకున్నాను. "ఏమే, మనమెక్కడ, వాళ్ళెక్కడ? నక్కెక్కడ, నాకలోకమెక్కడ? వాళ్ళ దగ్గర గాల్లో ఎగిరే కెమేరాలున్నాయి. మన దగ్గర స్టూలుంది."

"నేనున్నాను కదా," అంది.

"సరే, తేల్చుకుందాం. ఆస్పత్రివాళ్ళు నీ ఫోటో తీసుకుంటే కొట్టు నీది, తాళంచెవి నీ చేతికిస్తాను. తీసుకోకపోతే కవర్ల అతనికి శనివారం సరే అంటాను. నువ్వు నోరెత్తకూడదు."

"మాట మీద నిలబడతావా?"

"మన వంశంలో మాట తప్పినవాళ్ళు లేరే."

"మన వంశంలో మాట ఆపినవాళ్ళూ లేరులే," అని నవ్వుతూ కెమేరా సంచి సర్దుకుంది. ఆ నవ్వు చూసి నాకు లోలోపల దాని ఫోటోనే గెలవాలనిపించింది. పైకి మాత్రం మూతి బిగించుకునే ఉన్నాను.

శుక్రవారం తెల్లవారకముందే బయల్దేరాం. ఎముకలు కొరికే చలి అంటారు కదా, అది కొరకలేదు, నమిలేసింది. రాత్రి మంచు పడి ఆగింది. తలుపు గడియ ముట్టుకుంటే వేళ్ళు అతుక్కున్నాయి. నేను స్వెట్టరు మీద స్వెట్టరు, దాని మీద మా తమ్ముడి పాత కోటు, తలకి మంకీ క్యాపు వేసుకుని మెట్లెక్కుతున్నాను.

"అత్తా, నువ్వు నడుస్తున్నావా, దొర్లుతున్నావా?"

"దొర్లితే కిందకి పోతానే, పైకి ఎలా వస్తాను? నీ పని నువ్వు చూసుకో."

నా పని నేను చేస్తూనే ఉన్నాను. చలికి కెమేరా బ్యాటరీలు చచ్చిపోతాయని పిట్ట చెబితే, రెండో బ్యాటరీని లోపలి స్వెట్టరులో, గుండెకి ఆనించి దాచుకున్నాను. కోడి గుడ్డు మీద కూర్చున్నట్టు ఆ బ్యాటరీని పొదుగుతూ ఎక్కాను. భుజానికి నా చేతిసంచి. అందులో మా కొట్టులో మొహాలు తీసే పాత లెన్సు, నూలుగుడ్డలో చుట్టి ఉంది. మిగతా ఆడవాళ్ళ సంచిలో దువ్వెన ఉంటుంది, నా సంచిలో ఆ లెన్సు ఉంటుంది. దాన్ని నేను రాత్రిపూట కొట్టులో వదలను.

పైన గేటు దగ్గర కాపలా ఆయన దుప్పటి కప్పుకుని వచ్చి తాళం తీశాడు. నన్ను చూసి కళ్ళు చికిలించాడు.

"అమ్మా, మీరు గడ్డం ఆంటీ కదూ! నా కార్డు ఫోటో మీరే తీశారు. అందులో దొంగలా ఉన్నానని మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది."

"దొంగలా ఉంటే ఉన్నావు గానీ, చెవులు రెండూ కనపడుతున్నాయా లేదా?"

"కనపడుతున్నాయమ్మా."

"మరింకేం. పద, దారి చూపించు."

ఆ పార్కుకి ఎన్నో ఎండాకాలాల్లో వెళ్ళాను గానీ అలా ఎప్పుడూ చూడలేదు. ఉయ్యాల గొలుసుల మీద మంచు మొలిచింది. బెంచీల మీద ఎవరూ కూర్చోని తెల్లటి పరుపులు. కొండ అంచున ఇనుప కటకటాలు, వాటి అవతల ఊరు లేదు. ఊరంతా పొగమంచులో మునిగిపోయి, నీళ్ళ ట్యాంకూ, ఆస్పత్రి పై అంతస్తూ మాత్రం పైకి తేలాయి. ఆ అంతస్తులో ఓ కిటికీ పసుపుపచ్చగా వెలుగుతోంది.

"అదేనత్తా ఆ వరండా కిటికీ," అంది పిట్ట. "వాళ్ళు రోజూ అక్కణ్ణుంచి ఇటు చూస్తారు. ఇవాళ మనం ఇక్కణ్ణుంచి అటు చూస్తున్నాం."

అది పనిలో దిగాక నేను పక్కన నిలబడి చూశాను. ఊరికే టకటకా నొక్కుతుందేమో అనుకున్నాను. లేదు. అటు నడిచింది, ఇటు నడిచింది, తన అడుగులు ఫోటోలో పడకుండా చెట్ల వెనకనుంచి తిరిగి వచ్చింది. మంచులో బోర్లా పడుకుని బెంచీ కింద నుంచి చూసింది. లేచి, ముక్కు తుడుచుకుని, మళ్ళీ పడుకుంది. కెమేరా తెలుపుని చూసి మోసపోయి మంచుని బూడిదరంగు చేస్తుందని, వెలుగు కాస్త పెంచింది. తెల్ల కోట్ల డాక్టర్లని తీసేటప్పుడు నేను చేసే పనే అది. నేను నేర్పిందే. దాన్ని చూస్తూ చలి మర్చిపోయాను. నా గుండెల్లో బ్యాటరీ ఒక్కటే కాదు, ఇంకేదో కూడా వెచ్చగా ఉంది. గర్వమే, దాచుకోవడం దేనికి?

చివరికి స్టాండు వేసి కెమేరాని నిలబెట్టింది. ముందు బెంచీ, పక్కన ఉయ్యాల, వెనక కటకటాలు, వాటి అవతల పొగమంచు, అందులో ఆ కిటికీ. కిటికీ పక్కనుంచి సూర్యుడు పైకి రావాలి. ఇంకాసేపట్లో వస్తాడనగా కెమేరా చప్పుడు లేకుండా ఆరిపోయింది. బ్యాటరీ చచ్చింది. పిట్ట మొహం పాలిపోయింది. నేను స్వెట్టర్లోంచి వెచ్చటి బ్యాటరీ తీసి చేతిలో పెట్టాను. "తీసుకో. పొదిగి పెట్టాను," అన్నాను. కెమేరాకి ప్రాణం వచ్చింది. కాపలా ఆయన, "ఆంటీకి మించిన పొయ్యి లేదు" అన్నాడు. నేను ఇంకాస్త పొడుగయ్యాను.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుందని ఊరికే అన్నారా?

"అత్తా, నువ్వోసారి చూడు," అంది పిట్ట. "నీ కంటికి ఏదైనా తప్పు కనపడుతుందేమో."

అది అడగడం, అలాంటి చోట అడగడం, నాకు కిరీటం పెట్టినట్టయింది. వంగి చూశాను. తప్పేమీ లేదు. ఒక్క దోషం లేదు. ముందుకొచ్చి లెన్సు చూశాను. దాని మీద ఆవగింజంత మంచు రవ్వ ఉంది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నాది పుట్టుకతో వచ్చింది కూడా కాదు, మా నాన్నతో వచ్చింది. చెయ్యి నూలుగుడ్డ కోసం సంచిలోకి పోయింది, నోరు తెరుచుకుంది.

"హా."

కొట్టులో అయితే ఆ ఊపిరి అద్దం మీద మబ్బులా నిలిచి మాయమైపోతుంది. ఇక్కడ పోలేదు. నా కళ్ళముందే గడ్డకట్టింది. లెన్సంతా పిండి చల్లినట్టు తెల్లగా అయిపోయింది. గాభరాగా తుడిచాను. పోలేదు, పులుముకుంది. ఇంకోసారి తుడిచాను. లెన్సుకి శుక్లం వచ్చినట్టయింది.

"అత్తా!" అంది పిట్ట. అంతే.

"మా గదిలో కుంపటుంది, పట్టుకురండమ్మా," అన్నాడు కాపలా ఆయన.

"వేడికి తీసుకెళ్తే లోపలి అద్దాలకీ చెమట పడుతుందండీ. అది ఆరేలోపల ఎండ వచ్చేస్తుంది. ఈ పొగమంచు ఉండదు," అంది మెల్లగా.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? నాకు తల తీసేసినట్టయింది. అది అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, సరిపోయేది. అది అరవలేదు. కొట్టు దానిదవ్వాలని ఇంత చలిలో కొండెక్కి, ఆ కొట్టుని నేనే నా నోటితో ఊదేశాను.

"ఏదో ఒకటి అనవే," అన్నాను.

"ఏమనను అత్తా? నీ సంచిలో మొహాల లెన్సుందా?"

ఉంది. తీసి ఇచ్చాను. దానితో ఏం వస్తుంది? ఒక మొహం పడుతుంది, భుజాలు పడతాయి. కొండ పట్టదు, పార్కు పట్టదు. పిట్ట దాన్ని బిగించి, కంటికి ఆనించుకుని వెనక్కి వెనక్కి నడిచింది. బెంచీ వైపు తిప్పింది, దించేసింది. ఉయ్యాల వైపు తిప్పింది, దించేసింది.

నేను చూడలేకపోయాను. కటకటాల దగ్గరికి పోయి వాటిని పట్టుకుని నిలబడ్డాను. కోటు కాలర్లో మొహం దాచుకున్నాను. మళ్ళీ ఎక్కడ దేనిమీద పడుతుందోనని ఊపిరి కూడా భయం భయంగా వదులుతున్నాను. అవతల ఎక్కడో సూర్యుడు కటకటాల సందులోంచి తొంగి చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చలికి అని చెప్పుకోవచ్చు గానీ, చలికి కాదు.

అప్పుడు వినపడింది, నా వెనకనుంచి.

"అత్తా! గడ్డం కాస్త ఎత్తు."

ఒక్కసారి భగ్గుమంది నాకు. ఇటు తిరిగి, గడ్డం ఎత్తి, నోటికొచ్చినట్టు అందుకున్నాను. "నాకా చెప్తున్నావే ఆ మాట? గడ్డం ఎత్తమని నాకా? ఎవరి కొట్టులో నేర్చుకున్నావే అది? ఇక్కడ నేను చస్తుంటే నీకు వేళాకోళంగా ఉందా?"

టక్. టక్. టక్.

"ఇంకా తిట్టత్తా. ఆపకు, ఆపకు."

"ఆపుతానా! మీ నాన్నని కూడా కలిపి తిడతాను!"

టక్.

దాని మొహం కెమేరా వెనక ఉంది గానీ, కిందనుంచి నవ్వు కనపడుతోంది. కాపలా ఆయన నోరు వెళ్ళబెట్టి నా చుట్టూ గాల్లోకి చూస్తున్నాడు. నేను చూసుకునేలోపల సూర్యుడు కటకటాలు దాటాడు. పొగమంచు విడిపోయింది. కింద మామూలు ఊరు, మామూలు ఇళ్ళ కప్పులు బయటపడ్డాయి. అయిపోయింది.

దారంతా పిట్ట ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. కొట్టుకి వచ్చి తలుపేసి, కంప్యూటరు తెర మీద ఆ ఫోటో తెరిచి, పక్కకి తప్పుకుంది.

మొదట నా మంకీ క్యాపు చూశాను. "ఛీ ఛీ," అన్నాను. తర్వాత మిగతా తప్పులు వరసగా కనపడ్డాయి. తల వాలింది. ఒక్క చెవి కూడా కనపడటం లేదు. మొహం సగం నీడ. నోరు బార్లా తెరుచుకుని ఉంది. "దీన్ని ఏ ఆఫీసూ తీసుకోదే," అన్నాను.

అని ఊరుకున్నాను. ఎందుకంటే అప్పుడు దాన్ని చూశాను. నా నోట్లోంచి ఊపిరి బయటికొచ్చి, వెనకనుంచి పడ్డ ఎండలో వెలుగుతోంది. బంగారపు పొగ. నా మొహం కంటే పెద్దగా, కటకటాల మీదుగా, మంచు మొలిచిన కొమ్మల మీదుగా పాకి, వెనక పొగమంచులో కలుస్తోంది. ఆ పొగమంచులో చిన్న పసుపు చుక్క. ఆస్పత్రి కిటికీ. లెన్సుని పాడుచేసిన ఊపిరే అది. అదే ఆడమనిషి, అదే నోరు. నేను ఇన్నేళ్ళలో ఎన్ని వేల మొహాలు తీశానో, ఊపిరిని ఒక్కసారీ తీయలేదు. బిగబట్టమనే చెప్పాను.

"నువ్వు వద్దంటే ఇవ్వను," అంది పిట్ట. "సూర్యుడు రాకముందు తీసినవి ఉన్నాయి. ఏవో ఒకటి ఇద్దాం."

"అవెలా ఉన్నాయి?"

"బాగానే ఉన్నాయి."

బాగానే ఉన్నాయంటే బాలేవనే. నాకు తెలీదా? ఆ మంకీ క్యాపుతో, ఆ ముడతలతో, గోడంత సైజులో నా మొహం ఊరంతా చూస్తుంది. ఇన్నాళ్ళూ కెమేరాకి ఇవతల నిలబడిన దాన్ని. అయితే మాత్రం? బాగున్న ఫోటోని బాలేదనడం నా వల్ల కాదు. నా నోరు చెడ్డదే గానీ ఫోటో విషయంలో అబద్ధం ఆడదు.

"ఇదే ఇయ్యి," అన్నాను. "ఎన్నాళ్ళనుంచో కొట్టు నడుపుతున్నాను, ఇంత మంచి ఫోటో ఇందులోంచి బయటికి పోలేదు." అని, ఇంకో మాట కూడా అన్నాను. "మా నాన్న చూసి ఉంటే నీ కాళ్ళకి దణ్ణం పెట్టేవాడే." పిట్ట ఏడ్చింది. నేను దాని నెత్తి మీద ఒకటి ఇచ్చాను. "తెర మీద నీళ్ళు పడతాయి, అటు తిరిగి ఏడు."

సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళేసరికి పెద్ద స్టూడియో వాళ్ళ ఫోటోలు పెద్ద నర్సు బల్ల మీద పరిచి ఉన్నాయి. ఆకాశం నుంచి తీశారు. కొండంతా, పార్కంతా, మెట్లతో సహా అందులో ఉంది. ఎంత బాగున్నాయంటే, మాది బయటికి తీయబుద్ధి కాలేదు. పిట్ట మా ఫోటో తీసి వాటి పక్కన పెట్టింది.

పెద్ద నర్సు దాన్ని చూసింది. నన్ను చూసింది. మళ్ళీ ఫోటో చూసింది.

"పార్కు అడిగితే మనిషిని తెచ్చారేంటండీ?" అంది.

పిట్ట ఏదో చెప్పబోతే ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది. నన్నడిగింది, "ఇందులో మీరేం అంటున్నారు?"

"తిడుతున్నాను," అన్నాను. నిజం చెప్పడానికి భయమెందుకు?

ఆవిడ లేచి తలుపు తీసింది. వరండాలో ఓ పెద్దాయన ముక్కుకి గొట్టంతో, చక్రాల స్టాండు తోసుకుంటూ నడుస్తున్నాడు. ఒకప్పుడు బస్సు కండక్టరట. "ఇలా రండి, ఇవి చూడండి," అని పిలిచింది.

ఆయన ముందు ఆకాశం ఫోటోలు చూశాడు. "బాగున్నాయమ్మా, చాలా బాగున్నాయి," అన్నాడు. నా చెయ్యి సంచిలో తాళంచెవిని పట్టుకుంది. అది ఇక కవర్ల అతనికే అనుకున్నాను. తర్వాత ఆయన మా ఫోటో అందుకున్నాడు. దగ్గరగా పట్టుకున్నాడు. ఆ బంగారపు పొగ వెంట ఆయన కళ్ళు మెల్లగా నా నోటి దగ్గరనుంచి చివరిదాకా పోయాయి. దానితో పాటే, ఆయనకి తెలియకుండానే, నోరు తెరుచుకుని ఊపిరి బయటికొచ్చింది. పొడుగ్గా. చివరికంటా.

"హా..."

ఆయనే ఉలిక్కిపడి నవ్వాడు.

"వచ్చినప్పటినుంచీ మొత్తుకుంటున్నాను, ఇంత పొడుగ్గా ఒక్కసారీ వదల్లేదీయన," అంది పెద్ద నర్సు. ఆవిడ గొంతు కాస్త మారింది. ఆకాశం ఫోటోలు జాగ్రత్తగా దొంతి పెట్టి పక్కకి జరిపింది. "ఇదే పెడతాం. పైగా మావాళ్ళకి పొద్దున్నే లేవగానే కాస్త తిట్టే మనిషి కూడా కావాలి. నేనొక్కదాన్నీ చాలడం లేదు."

బయటికొచ్చాక, మెట్ల మీదే, తాళంచెవి పిట్ట చేతిలో పెట్టాను. అది గుప్పిట మూసుకుని అలాగే నిలబడిపోయింది. "ఏం, బరువుగా ఉందా?" అన్నాను. "ఉందత్తా," అంది. "ఉండాలి మరి," అన్నాను. శనివారం కవర్ల అతనికి నేనే చెప్పాను. "గోడ అలాగే ఉంచు నాయనా, మా ఓనరు ఒప్పుకోవడం లేదు." అతను ఓనరెవరా అని కొట్టులోకి తొంగి చూశాడు. పిట్ట స్టూలు మీద కూర్చుని దర్జాగా చెయ్యి ఊపింది.

గోడకి ఫోటో ఎక్కించిన రోజు మమ్మల్ని పిలిచారు. అంత పెద్ద నన్ను నేను ఎప్పుడూ చూసుకోలేదు. నా మంకీ క్యాపు తలుపంత ఉంది. నా ఊపిరి వరండా ఈ చివరినుంచి ఆ కిటికీ దాకా ఉంది, కిటికీలోంచి నిజం కొండ కనపడుతోంది. వార్డువాళ్ళంతా దుప్పట్లు కప్పుకుని వరసగా నిలబడ్డారు. ముందు కండక్టరు.

"ఆవిడలా వదలండి," అని పెద్ద నర్సు అందరికీ చెప్పింది. వదిలారు, కోడి ఈకంత. భుజాలు వంచుకుని, తలలు దించుకుని నిలబడితే ఊపిరెలా వస్తుంది? నాకు ఆగలేదు.

"అలాక్కాదు," అని వెనకనుంచి గట్టిగా అరిచాను. "గడ్డం కాస్త ఎత్తండి!"

వరండాలో ఉన్న ప్రతి ఒక్కరూ ఎత్తారు. పెద్ద నర్సు కూడా ఎత్తింది.

పిట్ట అప్పటికే కెమేరా తీసి పట్టుకుంది. ఆ వెడల్పాటి లెన్సే, నేను కొండ మీద పాడుచేసింది. కంటికి ఆనించబోయి ఆగి, నా దగ్గరికొచ్చి, లెన్సుని నా మొహం ముందు పెట్టింది.

"దుమ్ముంది అత్తా. ఇక్కడ గడ్డకట్టదులే."

నేను ఊదాను. తుడవడం మాత్రం అదే తుడిచింది, నా నూలుగుడ్డతో.